విజయవాడ ఇళ్లలో వేడి, ఉక్కపోత, లోపలి గాలి: సమస్య - పరిష్కారం

ఎండలు ముదిరి ఇల్లు చల్లబడడం లేదనిపించగానే చాలామంది మొదట చేసే పని కొత్త ఏసీ కొనడం, లేదా ఉన్న టన్ను ఏసీని తీసేసి టన్నున్నరది పెట్టించడం. వేడి ఎటు నుంచి వస్తున్నదో, గాలి ఎక్కడ ఆగిపోతున్నదో చూసుకోకుండా యంత్రాన్ని పెంచితే కరెంటు బిల్లు తప్పకుండా పెరుగుతుంది కానీ, సుఖం ఆ మేరకు పెరగదు. అందుకే ఇక్కడ ప్రతి ఇబ్బందినీ పైకి కనిపించే లక్షణంతో మొదలుపెట్టి, కారణాన్ని ఇంట్లోనే ఎలా తేల్చుకోవచ్చో చెప్పి, ఆ తర్వాతే పరిష్కారానికి వెళ్లాను. వీటిలో నేరుగా ప్రాణాపాయం ఉన్న విషయం చివరి భాగంలో ఉంది. గ్యాసు గీజరు వాడేవారు ముందుగా దాన్ని చదవాలి.

సమస్య: రాత్రి పది దాటినా పై అంతస్తు గది చల్లబడదు

కింది వాటాలో వాళ్లు ఫ్యానుతో నిద్రపోగలిగిన రాత్రి కూడా పై వాటాలో మంచం, పరుపు, చివరికి దిండు కూడా వెచ్చగానే ఉంటాయి. ఇందుకు కారణం దాదాపు ఎప్పుడూ స్లాబే. మన ఇళ్ల కప్పు సాధారణంగా నాలుగున్నర, అయిదు అంగుళాల కాంక్రీటు, దాని మీద సిమెంటు ఫ్లోరింగు. వేడిని ఆపే పొర ఏదీ ఉండదు. స్టవ్వు కట్టేసిన తర్వాత కూడా పెనం కాలుతున్నట్టే, పగలంతా ఎండను పీల్చుకున్న కాంక్రీటు ఆ వేడిని అర్ధరాత్రి దాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఫ్యాను చేసేదల్లా కప్పు కింద పేరుకున్న ఆ వేడిగాలిని మన మీదికి తోయడమే.

నిర్ధారించుకోవడం తేలిక. రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఫ్యాను ఆపి, స్టూలు ఎక్కి అరచేతిని కప్పుకు ఆనించి, వెంటనే ఎండ తగలని లోపలి గోడకు ఆనించి చూడాలి. గోడ మామూలుగా ఉండి కప్పు మాత్రం వెచ్చగా తగిలితే, ఖర్చు పెట్టవలసిన చోటు టెర్రస్ మీదే ఉందని అర్థం.

అన్నిటికంటే చవకైన పరిష్కారం సున్నం. తెల్లటి ఉపరితలం ఎండలో ఎక్కువ భాగాన్ని తిప్పికొడుతుంది కాబట్టి స్లాబు వేడెక్కడమే తగ్గుతుంది. ఈ పనిని ఫిబ్రవరి చివరలోనో మార్చి మొదట్లోనో చేయాలి. రోహిణి కార్తెలో వేస్తే వేసవిలో ఎక్కువ భాగం గడిచిపోయి ఉంటుంది. ముందుగా టెర్రస్‌ను చీపురుతో ఊడ్చి, నాచు ఉన్న చోట ఇనుప బ్రష్షుతో గీకి, నీళ్లతో కడిగి ఆరనివ్వాలి. పగుళ్లను పూడ్చకుండా సున్నం వేయడం వృథా, ఎందుకంటే తొలకరికే నీరు ఆ పగుళ్లలోంచి దిగుతుంది. సున్నాన్ని ముందురోజే నానబెట్టి, పలుచటి గుడ్డతో వడకట్టి, పొడిగా రాలిపోకుండా ఫెవికాల్ వంటి జిగురు కలిపి, మొదటి పూత నిలువుగా, అది ఆరాక రెండో పూత అడ్డంగా వేయాలి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం కనుక కలిపేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలి. వానాకాలం ముగిసేసరికి ఇది చాలావరకు కొట్టుకుపోతుంది. ఏటా వేయడం కుదరనివారు కొన్నేళ్లు నిలిచే కూల్ రూఫ్ పెయింటు వేయించుకోవచ్చు. ఏది వేసినా దుమ్ము పేరుకున్నకొద్దీ దాని పనితనం తగ్గుతుంది. కొండపల్లి, ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ కేంద్రం బూడిద పడే ఇళ్లవారు, హైవే పక్కన ఉన్నవారు వేసవి మధ్యలో ఒకసారైనా టెర్రస్ కడగాలి.

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లే అలవాటు మనకు పాతదే. దానివల్ల ఉపశమనం ఉన్నమాట నిజమే కానీ, పగుళ్లున్న స్లాబు మీద రోజూ నీరు నిలిస్తే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. నీళ్లకంటే నీడ మేలు. తాటాకు పందిరి గానీ, ఆకుపచ్చ నెట్టు గానీ వేసేటప్పుడు స్లాబుకూ దానికీ మధ్య మనిషి నిలబడేంత ఎత్తు వదిలితే గాలి ఆడి, నీడ కింద వేడి నిలవదు. మే, జూన్ నెలల ఈదురుగాలులకు పందిరి లేచిపోకుండా పిట్టగోడకు కాకుండా గట్టి స్తంభాలకు కట్టించాలి. అపార్టుమెంటులో టెర్రస్ అందరిదీ కనుక ఈ ఖర్చు పై అంతస్తువారిదేనని మిగతావారు అనడం సహజం. కానీ కప్పు పగుళ్లు పూడ్చడం మొత్తం భవనం ఆయుష్షుకు సంబంధించిన పని, అసోసియేషన్ సమావేశంలో ఆ వైపు నుంచి మాట్లాడడం న్యాయం.

సమస్య: మధ్యాహ్నం మూడు తర్వాత పడమటి గది భగ్గుమంటుంది

సాయంత్రపు సూర్యుడు కిందికి వాలి ఉంటాడు కాబట్టి కిటికీ మీది సన్‌షేడ్ ఆ ఎండను ఆపలేదు. లోపల మందపాటి కర్టెను వేస్తే వెలుతురు తగ్గుతుంది కానీ, అద్దం దాటి లోపలికి వచ్చిన వేడి గదిలోనే ఉండిపోతుంది. ఎండను అద్దానికి బయటే ఆపాలి: వెదురు తెర, షేడ్ నెట్టు, లేదా పొడిగాలి వీచే రోజుల్లో తడిపిన వట్టివేళ్ల తడిక. స్థలం ఉన్నవారికి పడమటి గోడ వెంట ఒక వేప చెట్టో, మునగ చెట్టో వీటన్నిటికంటే మంచిది.

సమస్య: ఏసీ తిరుగుతున్నది, గది చల్లబడదు

మెకానిక్ వచ్చీరాగానే గ్యాసు అయిపోయిందని అంటే ఒక్క నిమిషం ఆగాలి. ఏసీలో గ్యాసు మూసి ఉన్న గొట్టాలలో తిరుగుతూ ఉంటుంది. అది వాడకం వల్ల తరిగిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, ఆ లీకును వెతికి మూయకుండా గ్యాసు ఎక్కిస్తే మళ్లీ అదే పరిస్థితి వస్తుంది. కనుక గ్యాసు దాకా వెళ్లేముందు, ఖర్చు లేనివాటి నుంచి వరుసగా చూసుకుంటూ రావాలి.

మొదట ఇన్‌డోర్ యూనిట్ మూత ఎత్తి ఫిల్టరు బయటికి తీసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి. జాలీ రంధ్రాలలోంచి వెలుతురు కనబడకుండా బూడిదరంగు నూగు దట్టంగా పట్టి ఉంటే కారణం దొరికినట్టే. దాన్ని కుళాయి కింద వెనక వైపు నుంచి నీళ్లు పడేలా కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టాలి. వేసవిలో రెండు వారాలకోసారి ఇది చేయాలి. తర్వాత ఔట్‌డోర్ యూనిట్ చూడాలి. చాలా ఇళ్లలో అది ఇరుకు బాల్కనీలో, ఆరేసిన బట్టల వెనకో, పాత సామాను మధ్యనో ఉంటుంది. గదిలోంచి తీసిన వేడిని బయట పారబోయవలసిన ఈ పెట్టె తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటే కంప్రెసర్ మీద భారం పడి కరెంటు ఎక్కువ కాలుతుంది. ముందూ వెనకా ఖాళీ ఉంచి, పైన నీడ కల్పించి, కాయిల్ మీది దుమ్మును కడిగించాలి.

ఈ రెండూ సరిగా ఉంటే, తలుపులు మూసి పావుగంట నడిపాక గాలి లోపలికి వెళ్లే చోట ఒకసారి, చల్లగాలి వచ్చే చోట ఒకసారి థర్మామీటరు పెట్టి చూడాలి. రెంటికీ మధ్య సుమారు 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్టే, లోపం గదిలో ఉంది: పైన కాలే స్లాబు, తలుపు కింద సందు, మూయని వెంటిలేటరు. శుభ్రంగా కడిగిన తర్వాత కూడా తేడా చాలా తక్కువగా ఉన్నా, కాయిల్ మీద మంచు కడుతున్నా అప్పుడు గ్యాసు లీకును అనుమానించి మెకానిక్‌ను పిలవాలి.

రిమోట్‌లో 18 పెట్టినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు. కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది, అంతే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ (బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) చెబుతున్నది. ఏసీని 24 నుంచి 26 మధ్య ఉంచి ఫ్యానును నెమ్మదిగా తిప్పుకుంటే మన ఊరి ఉక్కలో కూడా హాయిగా ఉంటుంది.

సమస్య: కూలరు పెట్టినా ఒంటికి జిగటగా ఉంటుంది

కూలరు గాలిని చల్లబరిచేది నీటిని ఆవిరి చేసి. పడమటి నుంచి పొడి వడగాలి వీచే మే మధ్యాహ్నాలలో అది చక్కగా పనిచేస్తుంది. బంగాళాఖాతం తేమ గాలిలో నిండిన రోజున నీరు ఆవిరి కాదు, గదిలో ఉక్క మాత్రం పెరుగుతుంది. ఏసీ అలవాటుతో కిటికీలు మూసి కూలరు వేయడం రెండో కారణం. కూలరును కిటికీ దగ్గర, బయటి గాలిని పీల్చేలా పెట్టి, ఎదురుగా ఉన్న తలుపో కిటికీయో తెరిచి ఉంచాలి. ఉక్కగా ఉన్న రాత్రి పంపు ఆపి ఫ్యాను మాత్రమే నడపాలి. తొట్టిలోని నీటిని వారానికోసారి పూర్తిగా పారబోసి, రుద్ది ఆరబెట్టకపోతే డెంగీ దోమకు అది చక్కటి చోటు అవుతుంది.

సమస్య: ఫ్యాను నెమ్మదిగా తిరుగుతున్నది

చాలాసార్లు ఫ్యాను మోటారు తిరగడానికి తోడ్పడే కెపాసిటర్ అనే చిన్న భాగం బలహీనపడి ఉంటుంది. మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌తో మార్పిస్తే కొద్దిపాటి ఖర్చుతో అయిపోతుంది. ఫ్యానునే మార్చదలచుకుంటే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) రకం సుమారు 30 వాట్లతో నడుస్తుంది. పాత రకం 75 వాట్ల దాకా తీసుకుంటుంది. రోజంతా ఫ్యాను తిరిగే ఇంట్లో ఇది చిన్న తేడా కాదు.

సమస్య: ఏసీ గదిలో నిద్ర లేచేసరికి తల బరువుగా ఉంటుంది

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకోదు, గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు 420 ప్రాంతంలో ఉంటుంది. తలుపులన్నీ బిగించిన గదిలో ముగ్గురు పడుకుంటే తెల్లవారేసరికి అది 2,000 కూడా దాటవచ్చు. పడుకునేముందు గదిని కాసేపు పూర్తిగా తెరిచి ఉంచడం, రాత్రి లోపలి తలుపును కొద్దిగా ఓరగా వేయడం, తెల్లవారుజామున ఏసీ ఆగేలా టైమరు పెట్టి కిటికీ తెరవడం అలవాటు చేసుకోవాలి. ఏసీ గదిలో దోమల చుట్ట వెలిగించడం మాత్రం ఏ పరిస్థితిలోనూ తగదు. ఆ పొగలోని సన్నటి కణాలు బయటికి పోయే దారి లేక రాత్రంతా పిల్లల ఊపిరితిత్తులలోకే వెళతాయి. కిటికీకి జాలీ, మంచానికి దోమతెర చాలు. అగరుబత్తి, సాంబ్రాణి పొగకూ ఇదే వర్తిస్తుంది. పూజ అయ్యేదాకా కిటికీ తెరిచి ఉంచాలి.

సమస్య: వంటింటి ఘాటు ఇల్లంతా పాకుతుంది

ఎండుమిర్చి వేయించినప్పుడు హాల్లో కూర్చున్నవారు దగ్గుతున్నారంటే ఎగ్జాస్ట్ ఫ్యాను ఉన్నా పని చేయడం లేదన్నమాట. వెలిగించిన అగరుబత్తిని ఫ్యాను ముందు పట్టుకుంటే పొగ నేరుగా దానిలోకి పోవాలి. పోకుండా అక్కడే తచ్చాడితే రెక్కలకు జిడ్డు పట్టి ఉండాలి, లేదా బయటి నుంచి గాలి వచ్చే దారి లేకపోవాలి. గాలి లోపలికి రానిదే బయటికి పోదు కనుక, ఎగ్జాస్టుకు ఎదురుగా ఉన్న కిటికీని తెరవాలి. పక్కనే ఉన్న కిటికీని తెరిస్తే ఆ గాలి అటే తిరిగి వెళ్లిపోతుంది, పొగ అలాగే ఉంటుంది. చిమ్నీ కొనేవారు గొట్టం బయటికి వెళ్లే రకాన్నే తీసుకోవాలి. గొట్టం లేనిది పొగను వడకట్టి తిరిగి వంటింట్లోకే వదులుతుంది, దాని ఫిల్టరు మన పోపులకు ఎక్కువకాలం ఆగదు.

సమస్య: గోడ నెమ్మెక్కి బూజు వాసన వస్తున్నది

2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగిన సింగ్‌నగర్ వైపు ఇళ్లలో గోడలు ఎంత నీరు తాగాయో అక్కడివారికి చెప్పనక్కరలేదు. అటువంటి గోడ మీద తొందరపడి పుట్టీ, పెయింటు వేస్తే లోపలి తేమ బయటికి రాలేక పొక్కులు లేచి మళ్లీ ఊడుతుంది. తేమ ఎటు నుంచి వస్తున్నదో ముందుగా తేల్చుకోవాలి. అడుగు చదరం అల్యూమినియం రేకు కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు బిగించి రెండు రోజులు ఉంచాలి. తీసినప్పుడు గోడ వైపు తడి ఉంటే నీరు గోడలోంచే వస్తున్నది: పైపు లీకు, పునాది నెమ్ము, బయటి పగులు. గది వైపు తడి ఉంటే గాలిలోని తేమ చల్లటి గోడ మీద నీరవుతున్నది. అప్పుడు గాలి ఆడేలా చేసి, బీరువాలను గోడకు కొంచెం ఎడంగా జరిపితే సరిపోతుంది. మొదటి రకానికి లీకు ఆపించి, పాడైన ప్లాస్టరింగు కొట్టించి, ఇటుక పూర్తిగా ఆరాకే తిరిగి పూయించాలి. బూజు తుడిచేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి. బ్లీచింగును, బాత్రూము కడిగే యాసిడ్‌ను కలిపితే విషవాయువు పుడుతుంది కనుక ఆ రెండింటినీ ఎప్పుడూ కలపకూడదు.

సమస్య: చలికాలం స్నానం చేస్తుండగా కళ్లు తిరుగుతాయి

విజయవాడ, గుంటూరు ఇళ్లలో గది వేడిచేసుకునే అవసరం రాదు. మనకు చలికాలం వేడి అంటే వేన్నీళ్లే. మూసిన స్నానాల గది లోపల గ్యాసు గీజరు వెలిగితే అక్కడి ఆక్సిజన్ తగ్గిపోతూ, గ్యాసు సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, కాళ్లలో బలం తగ్గడం దాని గుర్తులు. స్నానానికి వెళ్లిన మనిషి పిలిస్తే పలకకపోవడం ప్రమాదం ముదిరిన గుర్తు.

వెంటిలేటరు ఉంది కదా అని ధైర్యపడకూడదు, చలికి దాన్ని అట్టముక్కతో మూసే ఇళ్లు చాలా ఉన్నాయి. గీజరునూ సిలిండరునూ బాత్రూము బయట, గాలి బాగా ఆడే బాల్కనీలోనో పెరటి గోడకో బిగించి, వేన్నీళ్ల పైపు మాత్రమే లోపలికి తీసుకురావాలి. అలా కుదరని ఇంట్లో కరెంటు గీజరుకు మారాలి. ఎవరైనా లోపల పడిపోతే తలుపు తెరిచి, ఊపిరి బిగబట్టి వెంటనే బయటి గాలిలోకి లాగి, గ్యాసు కట్టేసి 108కి ఫోను చేయాలి. స్పృహ వచ్చి తేరుకున్నట్టు కనబడినా ఆసుపత్రికి తీసుకెళ్లి, కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఉండవచ్చని డాక్టరుకు మనమే చెప్పాలి. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటరు ఈ విషాన్ని గుర్తించలేక ఆక్సిజన్ సరిగానే ఉన్నట్టు చూపిస్తుంది.