గ్రోత్ హార్మోన్ యాంటీబాడీ పని చేయట్లేదా? వియల్ పారేసే ముందు ఇవి చూడండి

గ్రోత్ హార్మోన్ యాంటీబాడీ అంటే శాంపిల్‌లో ఆ హార్మోన్‌ని వెతికి పట్టుకునే ప్రోటీన్, అది వచ్చే చిన్న సీసానే వియల్. కాకినాడలో మా ల్యాబ్‌కి వచ్చే స్టూడెంట్లు బ్లాట్ (ప్రోటీన్లని ఎక్కించి పరీక్షించే పొర) ఖాళీగా కనబడగానే "యాంటీబాడీ పోయింది మేడం, కొత్తది పెట్టండి" అంటారు. నేను మొదట అడిగేది పాజిటివ్ కంట్రోల్, అంటే హార్మోన్ కచ్చితంగా ఉన్న శాంపిల్, పెట్టారా అని. రీకాంబినెంట్ (ల్యాబ్‌లో తయారుచేసిన) హార్మోన్ గానీ, స్లైడ్ అయితే పిట్యూటరీ (ఈ హార్మోన్‌ని తయారుచేసే గ్రంథి) ముక్క గానీ పక్కన లేకపోతే తప్పు ఎవరిదో తేల్చలేం.

సిగ్నల్ అసలు రాలేదు, కంట్రోల్‌కి కూడా. ముందు ఫ్రీజర్ చూడండి. పోయిన మేలో మా దగ్గర రాత్రంతా కరెంటు పోతూ వస్తూ ఉంది. పొద్దున డబ్బా తెరిస్తే వియల్ లేబుల్ మీద సిరా చెదిరిపోయి ఉంది, మూత లోపల ఒక చుక్క గడ్డకట్టి ఉంది, అంటే కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. అలా పదే పదే జరిగితే యాంటీబాడీ గడ్డలు కట్టి బలం తగ్గిపోతుంది. వియల్ రాగానే ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, 10 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచి, మైనస్ 20లో థర్మోకోల్ డబ్బాలో పెట్టండి. మంచు దానంతటదే కరిగించుకునే ఇంటి ఫ్రిజ్ వద్దు, అది రోజూ కాస్త వేడెక్కుతుంది. ఫ్రీజర్ బాగానే ఉంటే బఫర్ చూడండి. బూజు పట్టకుండా ఎవరైనా సోడియం అజైడ్ కలిపి ఉంటే సెకండరీకి (హార్మోన్‌ని పట్టే ప్రైమరీ యాంటీబాడీ మీద అతుక్కునే రెండో యాంటీబాడీకి) ఉన్న, సిగ్నల్ ఇచ్చే హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్‌ని అది ఆపేస్తుంది.

ఎలైజాలో (ప్లేట్ గుంటల్లో రంగు చూసి కొలిచే పరీక్ష) బాగా పట్టుకుంటుంది, వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లని జెల్‌లో సైజు ప్రకారం విడదీసి మెంబ్రేన్ అనే పొర మీదికి ఎక్కించే పరీక్ష) మాత్రం సున్నా. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ఈ హార్మోన్ 191 అమైనో ఆమ్లాల గొలుసు, దాన్ని మడతపెట్టి పట్టి ఉంచేవి రెండు డైసల్ఫైడ్ బంధాలు. కొన్ని మోనోక్లోనల్స్ (ఒకే చోటుని గుర్తుపట్టే యాంటీబాడీలు) ఆ మడతనే గుర్తుపడతాయి, మనం ఆ బంధాలు తెంచే మెర్కాప్టోఇథనాల్ వేసి మరిగించి మడత విప్పేశాక వాటికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. మెర్కాప్టోఇథనాల్ లేకుండా, మరిగించకుండా జెల్‌లో ఒక లేన్ (ఒక శాంపిల్ వరుస) నడిపి చూడండి. అయినా రాకపోతే ట్రాన్స్‌ఫర్‌ని (జెల్ నుంచి మెంబ్రేన్ మీదికి ఎక్కించే దశని) అనుమానించాలి, ఎందుకంటే 22 కిలోడాల్టన్ల చిన్న ప్రోటీన్ 0.45 మైక్రాన్ మెంబ్రేన్ దాటి అవతలికి పోవచ్చు. 0.2 మైక్రాన్‌ది వాడి, సమయం తగ్గించండి. వెనక రెండో మెంబ్రేన్ పెడితే పోయిందో లేదో కళ్ళతోనే తెలుస్తుంది.

రెండు బ్యాండ్లు (బ్లాట్ మీద ప్రోటీన్ గీతలు). పిట్యూటరీ శాంపిల్‌లో 22 కింద 20 దగ్గర సన్నగా ఇంకోటి కనబడితే కంగారు పడొద్దు, అది 32 నుంచి 46 వరకు అమైనో ఆమ్లాలు లేని సహజ రూపమే. 22 కిలోడాల్టన్ల రీకాంబినెంట్‌లో కనబడితే మాత్రం అది విరిగిన ముక్క అనుకోవాలి.

మెంబ్రేన్ అంతా నల్లగా. ప్రైమరీ మేకలో తయారైనదైతే పాలపొడితో బ్లాక్ చేయకండి (అంటే మెంబ్రేన్ ఖాళీ చోట్లు దానితో కప్పకండి). మేక యాంటీబాడీని పట్టే సెకండరీ పాలలో ఉన్న ఆవు యాంటీబాడీలనీ పట్టేస్తుంది. వాష్ బఫర్‌కి డిస్టిల్డ్ వాటరే వాడండి, కోనసీమ తీరం వైపు బోరు నీళ్ళలో ఉప్పు ఎంతుందో మనకి తెలిసిందే. ప్రోటోకాల్‌లో 'రూమ్ టెంపరేచర్' అంటే 20 నుంచి 25 డిగ్రీలు, మన ఎండాకాలం ఏసీ లేని గది కాదు. ఆ వేడికి ప్లేట్ అంచు వెల్స్ ముందే రంగెక్కి లెక్కలన్నీ తారుమారవుతాయి.

కంట్రోల్స్ సరిగ్గా ఉన్నాయి, పేషెంట్ సీరం మాత్రం దాదాపు సున్నా. ఇది నిజమే కావచ్చు. హార్మోన్ రక్తంలోకి విడతలు విడతలుగా వస్తుంది, మధ్యలో చాలా తక్కువకి పడిపోతుంది. అందుకే పొట్టిగా ఉన్న పిల్లల్లో ఒక్క శాంపిల్ చూసి లోపం అని చెప్పకూడదు, డాక్టర్లు హార్మోన్‌ని విడుదల చేయించే క్లోనిడిన్ లాంటి మందిచ్చి వరుసగా రక్తం తీయించేది ఇందుకే. ఇంకో కారణం జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు. కిట్‌లో స్ట్రెప్టావిడిన్-బయోటిన్ జత (ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునేవి) ఉంటే, ఎక్కువ మోతాదు బయోటిన్ వల్ల శాండ్‌విచ్ ఎలైజాలో (హార్మోన్‌ని రెండు యాంటీబాడీల మధ్య పట్టేది) విలువ తప్పుగా తగ్గిపోతుంది.

అనుకోకుండా ఎక్కువ. గర్భిణి శాంపిల్ ఏమో అడగండి. మాయ కూడా తన సొంత గ్రోత్ హార్మోన్‌నీ, దానికి దగ్గరి పోలికున్న లాక్టోజెన్ అనే హార్మోన్‌నీ విడుదల చేస్తుంది, కొన్ని పాలీక్లోనల్స్ (పలు చోట్లని గుర్తుపట్టే యాంటీబాడీల కలగలుపు) పిట్యూటరీదాంతో కలిపి మూడింటికీ తేడా చూపలేవు. శాంపిల్ ఫారంలో గర్భం, మాత్రలు, రక్తం తీసిన టైం, ఈ మూడు గడులు పెట్టించండి.