ఇంటర్‌లోనే క్రెడిట్ కోర్సు చేస్తున్నారా? ముందు పేరు చూసుకోండి

మా అక్క కూతురు కర్నూలులో ఇంటర్ చదువుతూనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయం పోర్టల్‌లో, ఐఐటీలు, ఐఐఎస్‌సీ నడిపే ఎన్‌పీటెల్ కోర్సులో చేరింది. ఇలాంటి కోర్సుతో క్రెడిట్లు, అంటే డిగ్రీ పూర్తికి లెక్కించే పాయింట్లు, పొందే వీలుంది. చేరడం ఉచితం, ఎవరైనా చేరవచ్చు. పరీక్షకు మాత్రం రుసుము కట్టి, కేంద్రానికి వెళ్లి రాయాలి. మార్కుల్లో 75 శాతం పరీక్షవి, 25 శాతం వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లవి. వీటిని చిన్నచూపు చూడకండి. 25కు కనీసం 10 రాకపోతే, పరీక్ష ఎంత బాగా రాసినా సర్టిఫికెట్ రాదు. గడువు రోజు రాత్రి పదకొండున్నరకు కూర్చుంటే సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. మా ఇంట్లో అదే జరిగింది! అందుకే ఇప్పుడు ఆదివారమే పంపేస్తోంది.

అసలు చిక్కు పేరుతో వచ్చింది. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే, అదీ చివర. మన వైపు ఇది ఇంటింటి కథే. రెండింట్లోనూ పేరు ఒకేలా ఉండేట్టు సరిచేయించాకే పరీక్ష దరఖాస్తు నింపింది. సర్టిఫికెట్ మీద పడ్డ పేరును తర్వాత మార్పించుకోవడం తలనొప్పి.

ఒక్క మాట: సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన క్రెడిట్లు జమ కావు. డిగ్రీలో చేరబోయే కళాశాల ఒప్పుకోవాలి. ఇంటర్‌లో చేసినదాన్ని లెక్కలోకి తీసుకుంటారా అని అక్కడ ముందే అడగండి, వీలైతే రాతపూర్వకంగా.