పెరటి కోళ్ల మందలోకి కొత్త పెట్టలను ఎలా కలపాలి?

పెరట్లో ఐదారు పెట్టలు, ఒక పుంజు ఉన్న ఇంట్లో ఏడాదికో రెండేళ్లకో కొత్త పెట్టలు తెచ్చుకోవలసిన అవసరం తప్పకుండా వస్తుంది. పాతవి వయసు పైబడి గుడ్లు తగ్గిస్తాయి, ఒకటో రెండో కుక్కకో ముంగిసకో చిక్కుతాయి, ఇంట్లో వాడకం మాత్రం తగ్గదు. అలా కొన్న పెట్టలను తెచ్చిన సాయంత్రమే పాతవాటితో పాటు గూట్లోకి తోసి తలుపు మూయడం మన ఊళ్లలో అందరూ చేసే పనే. దాని వల్ల రెండు నష్టాలున్నాయి. ఒకటి తెల్లవారేసరికి కనిపించే నష్టం: నెత్తిన నెత్తురుతో గూటి మూల ముడుచుకున్న కొత్త పెట్ట. రెండోది పది రోజుల తర్వాత గానీ బయటపడని నష్టం: కొత్త పెట్టతో వచ్చిన రోగం మంద మొత్తానికీ అంటుకోవడం. పొడుపు గాయం ఒక కోడికే తగులుతుంది, కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) వస్తే గూడే ఖాళీ అవుతుంది. అందుకే ఈ పనిలో మొదట రోగానికి అడ్డుకట్ట వేసి, ఆ తర్వాతే గొడవల సంగతి చూసుకోవాలి. మొత్తం మీద నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుందని ముందే లెక్క వేసుకోండి.

మొదటి అడుగు: తగిన పెట్టలను ఎంచుకోవడం

ఒంటరి పెట్టను ఎప్పుడూ తేవద్దు. మందలోని ప్రతి కోడీ తన పెత్తనాన్ని ఆ ఒక్కదాని మీదే చూపిస్తుంది కాబట్టి దానికి మేత దగ్గర గానీ నీళ్ల దగ్గర గానీ నిలిచే చోటు దొరకదు. రెండు మూడు పెట్టలు కలిసి వస్తే దెబ్బలు పంచుకుంటాయి, భయం వేసినప్పుడు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. ఆ రెండు మూడూ ఒకే ఇంట్లో కలిసి పెరిగినవైతే మరీ మంచిది.

వాటి పరిమాణం పాతవాటికి దగ్గరగా ఉండాలి. నాలుగు నెలలు నిండని పిల్లలను పెద్ద పెట్టల మధ్య వదిలితే తట్టుకోలేవు. పైగా గుడ్లు పెట్టే కోళ్లకు వేసే లేయర్ దాణాలో సున్నం (కాల్షియం) మూడున్నర నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది, అది ఎదిగే పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వయసు తేడా ఉన్న మందకు, ఎదిగే పిల్లలకు వేసే గ్రోయర్ దాణానే అన్నిటికీ పెట్టి, సున్నం కోసం గుల్లపిండిని వేరే చిప్పలో ఉంచితే, గుడ్లు పెట్టేవి తమకు కావలసినంత అందులోంచి తింటాయి.

జాతి విషయంలో ఒక హెచ్చరిక. రాజేంద్రనగర్‌లోని కుక్కుట పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ వంటి పెరటి రకాలు సాధారణంగా నెమ్మదైనవి, నాటు పెట్టలతో కాస్త ఓపిక పడితే కలిసిపోతాయి. అసీల్ సంగతి వేరు. పందెం పుంజులే కాదు, ఆ జాతి పెట్టలు కూడా పోరాటానికి దిగితే ఓడినది తప్పుకున్నా వదలవు. ఇంట్లో అసీల్ పెట్టలుంటే వాటి గూడును, తిరిగే చోటును వేరుగా ఉంచడమే నా సలహా.

కొనే చోటు కూడా ముఖ్యమే. వారపు సంతలో పది ఊళ్ల కోళ్లు ఒకే తట్టలో గంటల తరబడి ఒకదాని ఊపిరి ఒకటి పీల్చుకుంటూ ఉంటాయి. తెలిసిన ఇంటి నుంచి, ఆ ఇంటి కోళ్లను కళ్లారా చూసి తెచ్చుకోవడం మేలు. సంక్రాంతికి ముందు కోళ్లు ఊళ్లు మారే రోజుల్లోనూ, ఎండలు మండిపోయే మే నెలలోనూ కొత్తవాటిని తేవద్దు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పటి లాంటి పరిస్థితి ఉంటే, ప్రభుత్వ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసే దాకా ఆగాలి.

రెండో అడుగు: నెల రోజులు వేరుగా ఉంచడం

కొత్త పెట్టలను పాతవి తిరిగే చోటికి వీలైనంత దూరంగా, కనీసం పది పన్నెండు గజాల అవతల, గాలి వాటి మీదుగా పాత గూటి వైపు వీచని చోట ఉంచాలి. ఇంటి ముందు పాత కొట్టమైనా, జాలీ బిగించిన చెక్క పెట్టె అయినా సరిపోతుంది. మేత చిప్ప, నీళ్ల తొట్టి, ఊడ్చే చీపురు అన్నీ వాటికి వేరుగా ఉండాలి. ప్రతిరోజూ ముందు పాత కోళ్ల పని ముగించుకుని, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి. ఈ వరుస ఒక్కరోజు కూడా తారుమారు కాకూడదు. అక్కడికి వెళ్లేటప్పుడు వేరే చెప్పులు వేసుకోవాలి, తిరిగి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చెప్పులకు అంటుకున్న రెట్ట ఎంత దూరమైనా రోగాన్ని మోసుకొస్తుంది.

నెల రోజులు ఎందుకని చాలామంది అడుగుతారు. కొక్కెర తెగులు సోకిన కోడిలో లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల నుంచి రెండు వారాలకు పైగా పట్టవచ్చు, పేలు, గోమార్ల గుడ్లు పొదగడానికి ఇంకొంత సమయం కావాలి, టీకా వేస్తే అది పనిచేయడానికి మరో రెండు వారాలు పడుతుంది. వీటన్నిటికీ నెల సరిపోతుంది. వారం చూసి బాగానే ఉన్నాయి కదా అని కలిపేయడం వల్ల మొత్తం శ్రమ వృథా అవుతుంది.

తెచ్చిన రోజునే ఒక్కో పెట్టను ఒళ్లో పెట్టుకుని నిదానంగా పరీక్షించండి. కళ్లలో నురుగు ఉందా, ముక్కు రంధ్రాల చుట్టూ తడి మీద దుమ్ము అంటుకుని ఉందా, ముఖం వాచి దుర్వాసన వస్తోందా చూడాలి. జుట్టు మీదా తమ్మెల మీదా బొబ్బలుంటే అది మశూచి కావచ్చు. రెక్కల కిందా, మలద్వారం చుట్టూ ఉన్న మెత్తని ఈకల కిందా వేళ్లతో పాయ తీసి చూస్తే పేలు పరిగెత్తడం, ఈకల మొదళ్లలో తెల్లని గుడ్లు గుత్తులుగా అంటుకుని ఉండడం కనిపిస్తాయి. కాళ్ల పొలుసులు లేచి సున్నం పట్టినట్టు ఉంటే వాటి కింద పురుగు చేరిందన్న మాట. గోరువెచ్చని సబ్బునీళ్లతో కాళ్లు కడిగి వేపనూనె రాస్తూ ఉంటే కొన్ని వారాల్లో తగ్గుతుంది. రొమ్ము ఎముకను కూడా తడమండి. దానికి ఇరువైపులా కండ ఉండాలి, ఎముక పదునుగా చేతికి తగిలితే ఆ కోడి చిక్కిపోయినట్టే. ఈ నెలలో రోజూ పొద్దున రెట్టను చూసే అలవాటు చేసుకోండి. ఆకుపచ్చని పలచటి విరేచనం, నెత్తురు కలిసిన రెట్ట, ఈలలాంటి శబ్దంతో గురక, మెడ వంకర తిరగడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే పశువైద్యశాలకు చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఒకేసారి రెండు మూడు కోళ్లు కారణం తెలియకుండా చనిపోతే వాటిని కోయడం గానీ ఎవరికైనా ఇవ్వడం గానీ చేయకుండా వైద్యులకు కబురు పంపాలి.

కొత్తవాటికి పూర్వం ఏ టీకాలు వేశారో అమ్మినవారు చెప్పలేకపోతే, వేయలేదనే అనుకోవాలి. మొదటి వారం ఆరోగ్యంగా ఉన్నాయని తేలాక కొక్కెర తెగులు టీకా వేయించవచ్చు. సాధారణంగా ఎనిమిది వారాలు దాటిన పక్షులకు ఆర్2బి టీకా వేస్తారు గానీ, అది గుడ్లు పెడుతున్న పెట్టల్లో గుడ్లు తగ్గించవచ్చు కాబట్టి ఏ టీకా తగినదో వైద్యులే నిర్ణయించాలి. ఒక సీసాలో చాలా కోళ్లకు సరిపడా మందు ఉంటుంది, కలిపాక రెండు గంటల్లోపే వాడేయాలి. అందుచేత ఇరుగుపొరుగు వారు తమ కోళ్లతో సహా ఒకే రోజున కూడితే అందరికీ ఖర్చు తగ్గుతుంది. పాత మందకు కూడా టీకా ఉండాలన్న సంగతి మరవవద్దు. దీర్ఘకాలం ఊపిరితిత్తులను పట్టి ఉండే కొన్ని రోగాల నుంచి బయటపడిన కోళ్లు చూడడానికి ఆరోగ్యంగానే ఉంటాయి, కానీ కొత్తగా వచ్చినవాటికి అంటించగలవు. నట్టల మందు కూడా ఈ నెలలోనే, ఇరు పక్షాలకూ, బరువును బట్టి మోతాదు అడిగి తాగించాలి.

మూడో అడుగు: జాలీకి అటూ ఇటూ

నెల గడిచి అంతా బాగుంటే కొత్త పెట్టలను పాత గూటి పక్కకు మార్చి, మధ్యలో జాలీ గానీ వెదురు తడిక గానీ నిలబెట్టాలి. తల దూరనంత సన్నని కన్నులుండాలి. కోళ్ల మందలో ఎవరు ఎవరిని పొడవవచ్చో ఒక వరుస ఉంటుంది. నార్వే జంతుశాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బే దీన్ని 1920ల ఆరంభంలోనే వివరంగా నమోదు చేశారు. కొత్త కోడి వచ్చిన ప్రతిసారీ ఆ వరుస చెదిరి మళ్లీ కుదురుకోవాలి. జాలీ చేసే మేలేమిటంటే, ఆ బేరీజులో చాలా భాగాన్ని గాయం లేకుండా జరగనిస్తుంది.

మొదటి రెండు రోజులు పాత పెట్టల్లో పెద్దది జాలీ పొడవునా అటూ ఇటూ తిరుగుతుంది. మెడ ఈకలు గొడుగులా విచ్చుకుంటాయి, రెక్క ఒకటి నేలకు దించి పక్కవాటుగా అడుగులు వేస్తుంది, జాలీ మీద ముక్కుతో టకటకా కొడుతుంది. కొత్తవి వెనక్కి తగ్గుతాయి. ఇరువైపులా మేత చిప్పలను జాలీకి దగ్గరగా, ఒకదానికి ఎదురుగా ఒకటి ఉంచితే నాలుగైదు రోజుల్లో అవి ఒకదాన్నొకటి చూసుకుంటూ తినడానికి అలవాటు పడతాయి. పాతవి జాలీ పక్కనే ఇసుకలో పొర్లుతూ, ఈకలు దువ్వుకుంటూ అవతలివాటిని పట్టించుకోకపోతే సమయం వచ్చినట్టు. దీనికి వారం నుంచి పది రోజులు పడుతుంది. మన పెద్దలు కొత్త పెట్టను పెరటి నడుమ గంప కింద రెండు మూడు రోజులు మూసి ఉంచేది ఇందుకే. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు, గడువే చాలదు.

నాలుగో అడుగు: చోటు పెంచడం

కలపడానికి ముందే గూట్లో ఇరుకు లేకుండా చూడాలి. రాత్రి గూట్లో ఒక్కో కోడికి రెండు చదరపు అడుగుల నేల, కూర్చునే కర్ర మీద జానెడు చోటు, నాలుగైదు పెట్టలకు ఒక గుడ్ల గంప ఉండాలి. మేత చిప్పలూ నీళ్ల తొట్లూ పాత లెక్కకు రెండింటినైనా అదనంగా, ఒకదానికొకటి కనిపించని చోట్ల పెట్టాలి. గోడకు వాల్చిన పలక, బోర్లించిన పాత గంప, తాటాకుల కట్ట వంటివి పెరట్లో నాలుగు చోట్ల ఉంటే తరిమినప్పుడు చాటుకు దూరవచ్చు. అయితే ప్రతి చాటుకూ రెండు వైపులా దారి ఉండాలి, లేకపోతే దాక్కున్న పెట్ట అక్కడే చిక్కుకుపోతుంది.

ఐదో అడుగు: కలిపే రోజు

గూటిలో కాకుండా, ఆరుబయట, పొద్దుగూకడానికి రెండు గంటల ముందు కలపండి. ముందుగా పాతవాటిని వదిలి, అవి చెదిరిపోయి గీరుకుంటున్నప్పుడు జాలీ తీయండి. తోటకూర, గోంగూర కాడలు పైనుంచి వేలాడదీసి, గుప్పెడు సజ్జలో నూకలో చాలా విశాలంగా చల్లితే ముక్కులు నేల మీదే ఉంటాయి. మీరు అక్కడే కూర్చుని చూడండి. ఒక పొడుపు, నాలుగడుగుల తరుముడు, ఒకదాని ఎదుట ఒకటి ఎగిరి రెండు మూడు సార్లు ఢీకొనడం మామూలే, చేయి అడ్డుపెట్టవద్దు, పెడితే అదే గొడవ రేపు మళ్లీ మొదలవుతుంది. ఓడినది తల దించి పక్కకు తప్పుకోగానే గెలిచినది ఆగిపోతే వరుస సక్రమంగా కుదురుకుంటోందని అర్థం. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకదాన్ని నేలకు నొక్కి పట్టినా, నెత్తురు కనిపించినా వెంటనే విడదీయాలి. ఎర్రటి చుక్క కనిపిస్తే మిగతా కోళ్లన్నీ అక్కడే పొడుస్తాయి.

చీకటి పడ్డాక కొత్తవి బయటే మూలల్లో కూర్చుంటాయి. వాటిని చేతులతో ఎత్తి కర్ర మీద పాతవాటి పక్కన ఉంచండి. చీకట్లో కోడికి చూపు సరిగా ఆనదు కాబట్టి రాత్రి గొడవ ఉండదు. అయితే చీకట్లో పెడితే తెల్లారేసరికి అంతా మరచిపోతాయన్న మాట మాత్రం నమ్మవద్దు. వెలుతురు రాగానే గూట్లో పారిపోవడానికి దారిలేని కొత్త పెట్ట దొరికిపోతుంది. మొదటి వారమంతా తెలతెలవారకముందే లేచి గూటి తలుపు తీయాలి.

ఆ వారం రాత్రివేళ కొత్తవాటి మెడ కింద, రొమ్ముకు కుడివైపున ఉండే మేతసంచిని తడమండి. నిండుగా, గట్టిగా తగిలితే పగలు కడుపునిండా తిన్నట్టు. ఖాళీగా వదులుగా ఉంటే దానికి మేత అందడం లేదని, పైకి ప్రశాంతంగా కనిపిస్తున్నా దాన్ని ఎవరో అడ్డుకుంటున్నారని తెలుసుకుని, దానికి వేరే చోట మేత వేయాలి.

గొడవ సద్దుమణగకపోతే

రెండు వారాలైనా ఒకే పెట్ట పనిగట్టుకుని తరుముతుంటే, దెబ్బలు తింటున్నదాన్ని కాకుండా తరిమేదాన్నే తీసి నాలుగు రోజులు కనిపించని చోట ఉంచండి. అది లేనప్పుడు మిగతావి కొత్త వరుస కుదుర్చుకుంటాయి, తిరిగొచ్చాక అదే కొత్తదవుతుంది కాబట్టి దాని జోరు తగ్గుతుంది. గాయపడినదాన్ని జాలీ వెనక్కి మార్చి, గాయాన్ని ఉప్పునీళ్లతో కడిగి పసుపు, వేపనూనె రాసి, పైన కొత్త చర్మం వచ్చి ఎరుపు తగ్గే దాకా అక్కడే ఉంచాలి. మందను చూస్తూనే ఉంటుంది కనుక దాని చోటు పూర్తిగా పోదు.

పొదుగుకొచ్చిన పెట్ట ఇంట్లో ఉన్నవారికి ఇంకో దారి ఉంది. అది గుడ్ల మీద రెండు మూడు వారాలు కూర్చున్నాక, టీకాలు వేసిన ఒకటి రెండు రోజుల పిల్లలను రాత్రి చీకట్లో దాని రెక్కల కిందికి ఒక్కొక్కటిగా జార్చి, గుడ్లను తీసేయవచ్చు. తల్లి వాటిని స్వీకరించిందో లేదో తెల్లవారగానే చూసి నిర్ధారించుకోవాలి. ఒప్పుకుంటే ఆ తర్వాత మందలో ఎవరి నుంచీ పిల్లలకు హాని రాకుండా తల్లే చూసుకుంటుంది.

కలిపిన తర్వాత రెండు మూడు వారాలు పాతవీ కొత్తవీ గుడ్లు తగ్గించడం సహజం. అప్పటికీ ఏదైనా పెట్ట రొమ్ము ఎముక రోజురోజుకూ పదునెక్కుతుంటే, దాన్ని ఆ మందలో ఉంచాలన్న పట్టు వదిలి, దానితో వచ్చిన తోటి పెట్టతో సహా వేరే గూట్లో పెంచుకోవడం గానీ, తెచ్చిన ఇంటికే తిరిగి ఇవ్వడం గానీ చేయాలి. మధ్యలో పెట్టిన జాలీని మాత్రం విప్పేయకండి. జబ్బు చేసిన కోడిని విడిగా ఉంచడానికీ, పొదిగే పెట్టకూ ఏడాది పొడవునా ఆ అర పనికొస్తుంది.