యునైటెడ్ పాత, కొత్త ఆటగాళ్లలోంచి 'మన పదకొండు' ఎంచుకోవడం ఎలా?

హనుమకొండలోనో కాజీపేటలోనో ముప్పై నలభై మంది కలిసి మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్‌లు చూసే గ్రూపు ఉందనుకోండి. 'మన ఆల్‌టైమ్ టీం' అని వాట్సాప్‌లో పోల్ పెడితే పది నిమిషాల్లో తేలిపోతుంది: రొనాల్డో, రూనీ, బెక్హామ్, బ్రూనో. 1968లో యూరోపియన్ కప్ గెలిచిన జట్టు నుంచి ఒక్క పేరు కూడా రాదు. తప్పు ఓటు వేసినవాళ్లది కాదు, అడిగిన పద్ధతిది. ఆ పోల్‌లో 12 పేర్లకు మించి పట్టవు. పైగా ఎవరు ఎవరికి వేశారో అందరికీ కనబడుతుంది, మొదటి ఐదుగురు ఎటు వేస్తే మిగతావాళ్లూ అటే. కాగితం చిట్టీలు, మూత ఉన్న డబ్బా పెట్టండి.

ముందు తేల్చుకోవాల్సింది ప్రశ్న. గొప్ప ఆటగాడు ఎవరు, మనకు ఇష్టమైన ఆటగాడు ఎవరు అనేవి రెండు వేరు ప్రశ్నలు. సోల్‌షార్‌నే చూడండి. చాలాసార్లు బెంచీ మీదినుంచే వచ్చాడు, మొత్తం 126 గోల్స్. రూనీ 253, బాబీ చార్ల్టన్ 249, డెనిస్ లా 237 కొట్టిన చోట ఇద్దరు ఫార్వర్డ్‌లలో అతనికి చోటు దొరకడం కష్టం. కానీ 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో, బార్సిలోనాలో, బయర్న్ మ్యూనిక్ మీద చివరి నిమిషాల్లో కొట్టిన ఆ గోల్‌ను ఏ యునైటెడ్ అభిమానీ మర్చిపోడు. అందుకే చిట్టీని రెండు భాగాలు చేయండి. పైన పదకొండు మంది: గోల్‌కీపర్ 1, డిఫెండర్లు 4, మిడ్‌ఫీల్డర్లు 4, ఫార్వర్డ్‌లు 2. కింద 'నాకు ఇష్టమైనవాళ్లు' అని మూడు గీతలు, మొదటి పేరుకు 3 పాయింట్లు, రెండోదానికి 2, మూడోదానికి 1. ఏ4 కాగితాన్ని సగానికి కోస్తే ఒక చిట్టీ సరిపోతుంది, నలభై మందికి 20 కాగితాలు.

పేర్ల జాబితా తయారీకి ఎక్కువ టైం పెట్టండి, గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. క్లబ్ చరిత్రను నాలుగు కాలాలుగా విడగొట్టండి: మేనేజర్ మ్యాట్ బస్బీ కాలం, ఆ తర్వాత 1986 దాకా, ఫెర్గూసన్ మేనేజర్‌గా ఉన్న 1986-2013, ఆపైన ఇప్పటిదాకా. ఒక్కో కాలం నుంచి కనీసం ఎనిమిది పేర్లు ఉండాలి. రెండో కాలాన్ని అందరూ వదిలేస్తారు, వదలకండి. 1977 ఎఫ్‌ఏ కప్ ఎత్తిన కెప్టెన్ మార్టిన్ బుకన్, 1985 ఫైనల్లో పది మందితో ఆడుతున్నప్పుడు ఎవర్టన్ మీద ఎక్స్‌ట్రా టైంలో గోల్ కొట్టిన నార్మన్ వైట్‌సైడ్, మూడు ఎఫ్‌ఏ కప్‌లు ఎత్తిన బ్రయన్ రాబ్సన్ అక్కడివాళ్లే.

అర్హతకు మ్యాచుల లెక్క పెట్టాలనిపిస్తుంది. పెట్టండి, కానీ 200 అని మాత్రం పెట్టొద్దు. కాంటోనా ఆడింది 185 మ్యాచులే, డంకన్ ఎడ్వర్డ్స్ 177. వాళ్లిద్దరూ పోయాక ఆ జాబితాకు అర్థమేముంది? వంద చాలు. ఇప్పటి స్క్వాడ్‌లో ఉన్న కుర్రాళ్లకు ఆ లెక్క వర్తించదని ముందే రాయండి. లేకపోతే 2024 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ మీద గోల్ కొట్టిన మైనూ లాంటివాడి పేరు దగ్గర వాదన మొదలవుతుంది. ట్రాన్స్‌ఫర్ సీజన్‌లో ఆటగాళ్లు మారిపోతుంటారు కాబట్టి ఏ తేదీ నాటి స్క్వాడో కూడా జాబితా మీద వేయండి.

ఒక్కో పేరు ఒక్క చోటే ఉండాలి. చార్ల్టన్ మొదట్లో వింగర్, తర్వాత మధ్యలోంచి దాడి చేసినవాడు. అతని పేరు మిడ్‌ఫీల్డ్‌లోనూ ముందూ రాశారనుకోండి, పడాల్సిన 14 ఓట్లు 8, 6గా చీలిపోతాయి. 10 వచ్చినవాడు రెండు చోట్లా అతన్ని దాటేస్తాడు. 758 మ్యాచులు ఆడిన మనిషి ఇలా బయట ఉండిపోవడం బాధాకరం. బెస్ట్, గిగ్స్, బెక్హామ్, రొనాల్డో అందరినీ మిడ్‌ఫీల్డ్ వింగ్‌లలోనే పెడితే తేలిక. రొనాల్డోకు 2003-09, 2021-22 రెండు విడతలున్నా ఒకే పేరు, ఒకే ఓటు.

ఓటుకు ముందు వీడియో చూపించడం తప్పనిసరి. ల్యాప్‌టాప్‌ను టీవీకి కలపండి, పాతవాళ్లకు మనిషికి 90 సెకన్లు. 1968 ఫైనల్ ఎక్స్‌ట్రా టైంలో బెన్‌ఫికా గోల్‌కీపర్‌ను తప్పించి బెస్ట్ కొట్టింది ఒకటి చాలు. 1996 డిసెంబర్ 21న సండర్లాండ్ మీద కాంటోనా గోల్ చూపేటప్పుడు బంతి వలలో పడగానే ఆపేయకండి. ఇద్దరి మధ్యలోంచి తిరిగి, మెక్లేర్‌కు ఇచ్చి, మళ్లీ తీసుకుని, కీపర్ తల మీదుగా లేపుతాడు. తర్వాత పరిగెత్తడు. కాలర్ ఎత్తుకుని అక్కడే నిలబడి, నెమ్మదిగా చుట్టూ తిరిగి స్టేడియాన్ని చూస్తాడు. కుర్రాళ్లు ఓటు వేసేది ఆ నిలబడటానికే.

ఎడ్వర్డ్స్‌కు వీడియో పెద్దగా దొరకదు. యునైటెడ్ జట్టు ఎక్కిన విమానానికి మ్యూనిక్‌లో ప్రమాదం 1958 ఫిబ్రవరి 6న జరిగింది, ఆసుపత్రిలో పదిహేను రోజులు పోరాడి అతను పోయాడు, అప్పటికి 21 ఏళ్లు. ఇది ఒక కార్డు మీద రాసి గట్టిగా చదివించండి. వీడియో లేదని మన కోచ్ రహీం సాబ్ నడిపిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీంను తక్కువ చేస్తామా? 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచిన జట్టది.

ఓటు మ్యాచ్‌కు ముందే అయిపోవాలి. గెలిచిన రాత్రి వేస్తే గోల్ కొట్టినవాడికే పడతాయి, ఓడిన రాత్రి ఇప్పటి ఆటగాళ్లకు ఒక్కటీ పడదు. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడింటి మ్యాచ్ మనకు చలికాలంలో రాత్రి 8.30కి, వాళ్ల వేసవి టైంలో 7.30కి. మొదలవడానికి రెండు గంటల ముందే అందర్నీ రమ్మనండి. లెక్కించేటప్పుడు ఒకరు చదవాలి, ఒకరు బోర్డు మీద గీతలు పెట్టాలి, ఇంకొకరు పక్కన చూస్తుండాలి. సమానమైతే ఆ ఇద్దరి మీదే అక్కడికక్కడ మళ్లీ ఓటు.

ఫ్లెక్సీ వేయిస్తే ఆరడుగులకు నాలుగు సరిపోతుంది. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. అడుగు ఎత్తు బొమ్మకు కనీసం 1200 పిక్సెల్స్ ఎత్తు ఉండాలి. తెలుగు పేర్లు షాపువాళ్ల సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఒత్తులు విడిపోయి 'చార్ల్టన్', 'ఎడ్వర్డ్స్' గుర్తుపట్టలేనట్టు వస్తాయి, ప్రింట్‌కు ముందు ప్రూఫ్ అడిగి అక్షరం అక్షరం చూడండి. పాతవాళ్ల పేర్ల పక్కన జెర్సీ నంబర్ వేయకండి. ఆటగాడికి సీజన్ మొత్తం ఒకే నంబర్ అనేది ప్రీమియర్ లీగ్‌లో 1993-94 నుంచే వచ్చింది, అంతకుముందు ఆ రోజు ఆడే స్థానాన్ని బట్టి ఒకటి నుంచి పదకొండు వేసుకునేవాళ్లు. 1968 ఫైనల్ ఫొటో కింద డెనిస్ లా పేరు, 1999 ఫైనల్ ఆడిన జట్టులో కీన్, స్కోల్స్ పేర్లు కూడా పెట్టొద్దు. లా మోకాలి గాయంతో ఆడలేదు, మిగతా ఇద్దరూ సస్పెన్షన్‌లో ఉన్నారు.