ఒకే మోడలింగ్ యాంప్‌తో ఇంట్లో రికార్డింగూ, బయట ప్రోగ్రామూ: పనికొస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

చర్చి కొయిర్‌లో, కాలేజీ బ్యాండ్‌లో, పెళ్ళి ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్ళు మా గోదావరి డెల్టాలో చాలామందే ఉన్నారు. యాంప్ కొనాలనుకున్నప్పుడు వాళ్ళందరికీ వచ్చే ప్రశ్న ఒకటే. రాత్రిపూట గదిలో కూర్చుని పాట రికార్డు చేసుకోవడానికీ, సంక్రాంతికో క్రిస్మస్‌కో షామియానా కింద వాయించడానికీ ఒకే యాంప్ సరిపోతుందా? మంచి డిజిటల్ మోడలింగ్ యాంప్ అయితే సరిపోతుంది. అయితే అది మంచిదో కాదో అట్టపెట్టె మీద వేసిన మోడళ్ళ సంఖ్య, ఎఫెక్ట్‌ల సంఖ్య చూస్తే తెలియదు. మీ గిటార్‌తో, మీరు వాడబోయే పద్ధతిలో పరీక్షించి చూడాలి. అందుకు ఒక పూట పడుతుంది.

పాత వాల్వు యాంప్‌లు, స్పీకర్ క్యాబినెట్‌లు, పెడల్స్ మోగే తీరును ప్రాసెసర్ లెక్కగట్టి మళ్ళీ మోగించడమే మోడలింగ్. లైన్ సిక్స్ కంపెనీ 1996లో యాక్సిస్ అనే యాంప్‌తో ఈ పద్ధతిని తెచ్చింది. 1998లో వాళ్ళదే పాడ్ వచ్చాక ఇళ్ళలో రికార్డింగ్ చేసుకునేవాళ్ళు దీనికి బాగా అలవాటుపడ్డారు. ఇప్పుడు బాస్ కటానా, ఫెండర్ మస్టాంగ్, యమహా టీహెచ్ఆర్, పాజిటివ్ గ్రిడ్ స్పార్క్ లాంటివి చాలానే ఉన్నాయి. ఫలానాదే కొనమని నేను చెప్పను. ఏది కొన్నా ఇలా చూసుకోండి.

పరీక్ష మొదలుపెట్టేముందు ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. ఈ యాంప్‌లోంచి శబ్దం మూడు దారుల్లో బయటికొస్తుంది. ఒకటి దాని సొంత స్పీకర్. రెండోది హెడ్‌ఫోన్ లేదా లైన్ అవుట్, అంటే మిక్సర్‌కి కేబుల్ పెట్టే జాక్. మూడోది యూఎస్‌బీ. షాపులో మనం వినేది మొదటిది. స్టేజి మీద సౌండ్ వాళ్ళు తీసుకునేది రెండోది. ల్యాప్‌టాప్‌లోకి వెళ్ళేది మూడోది. మూడూ ఒకేలా ఉండవు. స్పీకర్‌లో అద్భుతంగా ఉన్న యాంప్ రికార్డింగ్‌లో పేలవంగా తేలడానికి ముఖ్య కారణం ఇదే. అందుకే ప్రతి పరీక్షలోనూ మూడు దారులనూ విడివిడిగా వినాలి.

ప్లగ్ పెట్టేముందు

యాంప్ వెనక రాసిన వోల్టేజి చదవండి. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా నుంచి అన్నయ్యో బావగారో తెచ్చిన యాంప్ 120 వోల్టులది కావచ్చు, జపాన్‌లో కొన్నది 100 వోల్టులది కావచ్చు. దాన్ని నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. అడాప్టర్ మీద 100-240 అని ఉంటే భయం లేదు. లేకపోతే సరైన వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. కువైట్, దుబాయ్ నుంచి వచ్చిన వాటికి మామూలుగా ఈ ఇబ్బంది ఉండదు, ప్లగ్గు పిన్నులే వేరుగా ఉంటాయి. అయినా చదివాకే పెట్టండి.

తర్వాత ఎర్తింగ్. యాంప్ ఆన్ చేసి గిటార్ తగిలించి, తీగల మీద చెయ్యి వేయండి. చెయ్యి వేయగానే హమ్ తగ్గితే అది మామూలే, చాలా గిటార్లు అలాగే ఉంటాయి. వేళ్ళు జివ్వుమంటే మాత్రం వెంటనే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎర్త్ సరిగ్గా లేదన్నమాట. హమ్ పోవాలని మూడో పిన్ను పీకేసి వాయించేవాళ్ళు ఉన్నారు. తీగలూ మైకూ రెండూ తాకి ఉండే మనిషికి అది ప్రాణాంతకం. ఆ పని ఎప్పుడూ చేయవద్దు.

మన దగ్గర కరెంటు పోవడం మామూలు కాబట్టి ఇన్వర్టర్ మీద కూడా ఒకసారి మోగించండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే చాలాసార్లు గరగర వినిపిస్తుంది, సైన్ వేవ్ అయితే ఆ బాధ తక్కువ. గరగర ఇన్వర్టర్ మీదే వస్తే ఆ తప్పు యాంప్‌ది కాదు, రికార్డింగ్ మెయిన్స్ మీద పెట్టుకుంటే సరిపోతుంది.

అన్ని ఎఫెక్ట్‌లూ ఆపి వాయించండి

పరీక్షకు మీ సొంత గిటార్, మీ సొంత కేబుల్ వాడండి. షాపువాళ్ళ ఖరీదైన గిటార్ మీద ఏ యాంపైనా బాగుంటుంది. కంపెనీ ముందే పెట్టి ఇచ్చిన ప్రీసెట్‌ల జోలికి పోవద్దు. మొదటి వినికిడిలోనే ఆకట్టుకోవాలని వాటిలో రివర్బ్ (హాల్లో మోగినట్టు వచ్చే గుంయిమనే శబ్దం), డిలే (ప్రతిధ్వని) దట్టంగా నింపుతారు. అవన్నీ ఆపేయండి. ఒక క్లీన్ మోడల్ (శబ్దం గరుకెక్కకుండా తేటగా ఉండేది) తీసుకుని బాస్, మిడిల్, ట్రెబుల్ మూడూ మధ్యలో పెట్టండి. ఈ వట్టి క్లీన్ టోన్ మీకు నచ్చకపోతే మిగతా పరీక్షలు అనవసరం. పాట వెనక కార్డ్స్ వాయించేటప్పుడు పాడేవాళ్ళకి తోడుగా వినిపించేది ఈ టోనే.

ఇప్పుడు చేతివాటం చూడండి. ఒకే కార్డ్‌ని పిక్‌తో మెల్లగా, తర్వాత గట్టిగా కొట్టండి. శబ్దం పెరగడంతో పాటు దాని స్వభావం కూడా మారాలి. క్రంచ్ మోడల్, అంటే కొద్దిగా డిస్టార్షన్ (గరుకు) ఉండేది పెట్టి గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ని సగానికి తగ్గించండి. మంచి మోడలింగ్‌లో డిస్టార్షన్ కరిగిపోయి టోన్ తేటపడుతుంది. నాసిరకంలో అదే డిస్టార్షన్ చిన్నగొంతుతో వినిపిస్తుంది. మోడళ్ళ సంఖ్య కన్నా నేను ఎక్కువ విలువిచ్చేది ఈ ఒక్క గుణానికే.

మన సంగీతం వాయించేవాళ్ళకి ఇంకో పరీక్ష అవసరం. మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పుట్టింది పాలకొల్లులో. ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని గమకాలతో సహా పలికించి ప్రపంచమంతా వినిపించారు ఆయన. తీగ మీద వేలు జారుతున్నంతసేపూ స్వరం తెగకుండా నిలవాలి. సినిమా పాటల ఇంటర్‌లూడ్‌లలో వచ్చే జారులకైనా అంతే. కాబట్టి ఒకే తీగ మీద ఒక స్వరం మీటి, నాలుగైదు మెట్లు మెల్లగా జారి, అక్కడే వేలు ఊపుతూ అది పూర్తిగా అణగిపోయేదాకా వినండి. చివర్లో చటుక్కున తెగిపోతే నాయిస్ గేట్ (రొద వినబడకుండా చిన్న శబ్దాలను ఆపేసే ఏర్పాటు) ఎక్కువగా పెట్టి ఉందని అర్థం. గేట్ తగ్గించి మళ్ళీ చూడండి. తగ్గించగానే భరించలేనంత రొద వస్తుంటే, లేదా ఆ గేట్‌ని తగ్గించే వీలే యాంప్‌లో లేకపోతే, మన పాటలకు అది ఇబ్బందే.

తక్కువ సౌండ్, ఎక్కువ సౌండ్

ఇంట్లో అందరూ పడుకున్నాక ఎంత సౌండ్ పెడతారో అంతే పెట్టి ఒక టోన్ తయారుచేయండి. నచ్చాక అదే టోన్‌ని డాబా మీదకో ఖాళీ స్థలంలోకో తీసుకెళ్ళి, పక్కన డ్రమ్స్ గానీ రిథమ్ ప్యాడ్ గానీ వాయించమని సౌండ్ పెంచండి. చాలామంది ఇక్కడే నిరాశపడతారు. గదిలో నిండుగా ఉన్న టోన్ బయట ఒకపక్క బొంయిమంటూ, మరోపక్క చెవిలో గుచ్చుతూ ఉంటుంది. లోపం చెవి తీరులోనే ఉంది. తక్కువ సౌండ్‌లో మన చెవికి అడుగు స్వరాలు, పై స్వరాలు సరిగ్గా ఆనవని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. అందుకే గదిలో మనకు తెలియకుండానే బాస్, ట్రెబుల్ పెంచుకుంటాం. సౌండ్ పెరిగేసరికి అవి రెండూ మీదపడతాయి. పైగా గిటార్‌కి ఊపిరి మిడిల్. ఇంట్లో దాన్ని తగ్గించుకున్నవాళ్ళు స్టేజి మీద డ్రమ్స్, కీబోర్డ్ మధ్య వినిపించరు.

కాబట్టి ప్రతి టోన్‌కీ ఇంటికొకటి, స్టేజికొకటి రెండు ప్యాచ్‌లు (యాంప్‌లో దాచుకునే సెట్టింగ్‌లు) చేసుకోండి. అలా దాచుకోవడానికి తగినన్ని ప్యాచ్ స్థలాలు యాంప్‌లో ఉన్నాయో లేవో చూడండి. పవర్ తగ్గించే స్విచ్ ఉంటే ఇంట్లో సౌకర్యం. ఉదాహరణకు కటానా 50లో అర వాటుకు దింపే వీలుంది.

వాట్ల గురించి ఒక మాట. 25 వాట్ల నుంచి 50కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పదింతల పవర్ కావాలి. అందుకే వాట్ల కోసం అదనంగా డబ్బు పెట్టేకన్నా స్పీకర్ సైజూ, లైన్ అవుట్ నాణ్యతా చూడటం మంచిది.

యూఎస్‌బీ రికార్డింగ్: ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి

గిటార్ స్పీకర్ సుమారు 5, 6 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాన్ని పెద్దగా పలకదు. డిస్టార్షన్‌లోని గరుకుని అదే వడపోస్తుంది. యూఎస్‌బీలో వెళ్ళేటప్పుడు ఆ స్పీకర్ దారిలో లేదు. కాబట్టి క్యాబినెట్‌నీ, దాని ముందు పెట్టిన మైక్‌నీ కూడా యాంపే అనుకరించాలి. ఆ అనుకరణ బాగోకపోతే సోలోలకు వాడే లీడ్ టోన్ తేనెటీగలు రొదపెట్టినట్టు ఉంటుంది. క్యాబినెట్ రకం, మైక్ రకం మార్చుకునే వీలుందా, బయటి ఐఆర్ ఫైళ్ళు (అసలు క్యాబినెట్ మోగే తీరును కొలిచి దాచిన ఫైళ్ళు) ఎక్కించుకోవచ్చా అని చూడండి. క్యాబినెట్ అనుకరణను పూర్తిగా ఆపే వీలుంటే ఇంకా మంచిది, ల్యాప్‌టాప్‌లోనే వేరే క్యాబినెట్ పెట్టుకోవచ్చు.

విండోస్ అయితే కంపెనీ ఇచ్చే ఆసియో డ్రైవర్ (శబ్దం ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) వేయండి. మ్యాక్‌లో చాలావాటికి అసలు డ్రైవరే అక్కర్లేదు. 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కో విడతలో తీసుకునే శాంపిళ్ళ సంఖ్య) 128 పెడితే ఒకవైపుకు దాదాపు 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం, రానూపోనూ కలిపితే ఇంకా ఎక్కువ. మొత్తం 10 మిల్లీసెకన్లంటే మూడున్నర మీటర్ల దూరంలో ఉన్న స్పీకర్ని వింటున్నంత ఆలస్యం. అది దాటుతున్నకొద్దీ వేళ్ళకూ చెవికీ పొంతన తప్పుతుంది. బఫర్ తగ్గిస్తే టపటపలు, పెంచితే ఆలస్యం వస్తుంటే, వాయించేటప్పుడు యాంప్ హెడ్‌ఫోన్‌లోనే వినండి. పాట ట్రాక్ కూడా యూఎస్‌బీ ద్వారా అదే హెడ్‌ఫోన్‌లోకి వస్తుందో లేదో, దాని లెవెల్ విడిగా మార్చుకోవచ్చో లేదో చూడండి.

ఎఫెక్ట్‌లు పడిన సిగ్నల్‌తో పాటు వట్టి గిటార్ సిగ్నల్‌ని కూడా వేరే ఛానల్‌లో పంపే యాంప్‌లు ఉన్నాయి. ఇది చాలా విలువైన సదుపాయం. బాగా కుదిరిన టేక్‌లో టోన్ నచ్చకపోతే మళ్ళీ వాయించక్కర్లేదు. ఆ వట్టి సిగ్నల్‌ని యాంప్‌లోకి తిరిగి పంపి టోన్ మార్చుకోవచ్చు.

ఇక అసలు పరీక్ష. క్లీన్, క్రంచ్, లీడ్ ఒక్కో నిమిషం రికార్డు చేయండి. రికార్డింగ్ మీటర్లో పీక్‌లు (శబ్దం అన్నిటికన్నా పైకి వెళ్ళే చోట్లు) మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండాలి. వాటిని విడిగా విని తీర్పు చెప్పవద్దు. గొంతు, తబలా లేదా ప్యాడ్, కీబోర్డ్ ఉన్న ట్రాక్‌లో కలిపి వినండి. ఇంకో యాంప్‌తో పోలుస్తుంటే రెండింటి సౌండ్ సమానంగా పెట్టండి, ఎందుకంటే కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది. ఇయర్‌ఫోన్‌లో, ఫోన్ స్పీకర్‌లో, కుదిరితే కారులో వినండి. మర్నాడు పొద్దున్న చెవులు తేటగా ఉన్నప్పుడు ఇంకోసారి వినండి. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి రికార్డు చేస్తే హమ్ ఎక్కడినుంచి వస్తోందో కూడా తెలిసిపోతుంది.

ముఖ్యమైన సెట్టింగ్‌లన్నీ ఫోన్ యాప్‌లోనే పెట్టిన యాంప్ అంటే నేను వెనకాడతాను. ఆ యాప్ కొత్త ఫోన్లలో పనిచేయడం మానేసిన రోజున సగం యాంప్ చేతికందకుండా పోతుంది. గెయిన్, ఈక్యూ (బాస్, మిడిల్, ట్రెబుల్), రివర్బ్, ప్యాచ్ సేవ్ చేయడం అయినా పైనున్న నాబ్‌లతో, బటన్‌లతో కావాలి.

స్టేజికి వెళ్ళేముందు

లైన్ అవుట్‌లో కేబుల్ పెట్టగానే కొన్ని యాంప్‌లలో స్పీకర్ ఆగిపోతుంది. అప్పుడు సౌండ్ వాళ్ళకి సిగ్నల్ వెళ్తుంది గానీ మీరు వాయించేది మీకే వినిపించదు. ఇచ్చే మానిటర్ మీద ఆధారపడలేం కాబట్టి స్టేజి ప్రధానమైతే ఈ లోపాన్ని నేను ఒప్పుకోను. లైన్ అవుట్ మామూలు జాక్ అయితే మిక్సర్ దాకా పొడుగు కేబుల్ లాగకుండా డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్‌కి తగినట్టు మార్చి పంపే చిన్న పెట్టె) పెట్టించండి. మిక్సర్ మైకుల కోసం పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ యాంప్ లోపలికి రాకుండా కూడా అది కాపాడుతుంది. హమ్ వస్తే దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కాలి, అది విడదీసేది సిగ్నల్ కేబుల్ గ్రౌండ్‌నే, ప్లగ్గు ఎర్త్‌ని కాదు.

ఫుట్‌స్విచ్‌తో క్లీన్ నుంచి లీడ్‌కి మారేటప్పుడు మధ్యలో మూగబోతోందా? పల్లవి అయిపోయి ఇంటర్‌లూడ్ అందుకునే చోట ఆ చిన్న ఖాళీ కూడా తెలిసిపోతుంది. లీడ్ ప్యాచ్ క్లీన్ కన్నా కొంచెం పైకి ఉండేలా లెవెల్స్ సరిచేసి, డ్రమ్స్‌తో కలిపి చూడండి.

వాయిస్తూ ఉండగా ప్లగ్ స్విచ్ ఆపి మళ్ళీ వేసి చూడటం కూడా మరిచిపోవద్దు. కరెంటు పోయి జనరేటర్ అందుకున్నప్పుడు జరిగేది ఇదే. యాంప్ మళ్ళీ మోగడానికి ఎన్ని సెకన్లు పట్టింది? మీరు ఉన్న ప్యాచ్‌కే వచ్చిందా, మొదటి ప్యాచ్‌కి పోయిందా? మీరు సేవ్ చేయని మార్పులు పోతాయి, కాబట్టి స్టేజి ఎక్కేముందే సేవ్ చేసుకోవాలి.

ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ గడువు లోపలే ఇవన్నీ పూర్తిచేయండి, అట్టపెట్టె పారేయవద్దు. సెకండ్ హ్యాండ్ అయితే ప్రతి నాబ్‌నీ చివరిదాకా తిప్పండి, ప్రతి జాక్‌లోనూ కేబుల్ పెట్టి కదిపి చూడండి. అంతర్వేది, ఉప్పాడ వైపు సముద్రానికి దగ్గరగా వాడిన యాంప్ అయితే ఉప్పుగాలికి జాక్‌లు, స్క్రూలు తుప్పుపట్టి ఉండొచ్చు. టార్చి వేసి చూడండి. స్పీకర్ గ్రిల్ దగ్గర ముక్కు పెడితే చెమ్మవాసన వస్తోందంటే, అరగంట ఆగకుండా మోగించి చూశాకే బేరం మాట్లాడండి.