ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో రోజంతా నడిచే ముందు ఇవి చూసుకోండి

ముందు షూస్ సంగతి. పాత ఊరంతా రాతి పలకల వీధులే, వాన పడితే జారతాయి కూడా, కాబట్టి కొత్త జతను ఆ రోజే మొదలుపెట్టకండి.

సోమవారం కాకుండా చూసుకోండి. ఉఫీజీ గ్యాలరీ, డేవిడ్ శిల్పం ఉన్న అకాడెమియా సాధారణంగా ఆ రోజు మూసి ఉంటాయి. ఊరికే వీధులు తిరుగుతాం అంటే ఏ రోజైనా ఒకటే.

ఊరి ప్రధాన చర్చి అయిన డ్యూమో గుమ్మటం ఎక్కాలంటే టైమ్‌తో సహా ముందే బుక్ చేసుకోవాలి. 463 మెట్లు, లిఫ్ట్ లేదు, పైకి వెళ్లేకొద్దీ దారి ఇరుకవుతుంది, కాబట్టి అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులున్నా, ఇరుకు చోట్లంటే టెన్షన్ ఉన్నా దయచేసి బలవంతపెట్టొద్దు. 1420లో మొదలుపెట్టి 1436కల్లా వాస్తుశిల్పి బ్రూనెలెస్కి నిలబెట్టిన ఆ గుమ్మటాన్ని కింద నుంచి చూసినా ఒళ్లు పులకరిస్తుంది, నిజంగా.

చర్చిల్లోకి వెళ్లాలంటే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. బ్యాగ్‌లో ఒక చున్నీ ఉంటే చాలు.

స్టేషన్ దగ్గర, పోంటే వెక్కియో వంతెన మీద జనం ఒత్తిడిలో జేబు దొంగలుంటారు. ఫోన్, పర్సు వెనక జేబులో వద్దు.

భోజనం మధ్యాహ్నం రెండున్నరలోపే కానివ్వండి. ఆ తర్వాత చాలా హోటళ్లలో వంట ఆపేసి మళ్లీ రాత్రి ఏడింటికే మొదలుపెడతారు. బిల్లులో 'కోపెర్తో' అని టేబుల్ ఛార్జీ మనిషికింత వేస్తారు, అది అక్కడ మామూలే. శాకాహారులైతే కూరగాయల సూప్‌లో కూడా మాంసం రసం పోశారేమో అడిగి తీరాలి.

సూర్యాస్తమయానికి కొండ మీది చౌక్ పియాజ్జాలే మైకెలాంజెలో ఎక్కాలనుంటే కాళ్లలో కాస్త ఓపిక మిగుల్చుకోండి, అలసిపోతే సిటీ బస్సు ఉంది.