అనైసోట్రోపీ వాడి ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ చదవడం ఎలా?

ఎం.ఎస్సీ పిల్లలకు స్పెక్ట్రా చెప్పేటప్పుడు నేను ముందు షిఫ్ట్ టేబుల్ (ఏ ప్రోటాన్ పీక్ ఎన్ని పీపీఎం దగ్గర వస్తుందో చెప్పే పట్టిక) మూసేయమంటాను. నెట్ పరీక్షకు బట్టీ పట్టిన అంకెలు హాల్లో టెన్షన్ పడగానే ఎగిరిపోతాయి. బొమ్మ మాత్రం గుర్తుంటుంది.

ఫినైల్ ఎసిటిలీన్ తీసుకోండి. ట్రిపుల్ బాండ్‌లోని ఎస్‌పీ కార్బన్ ఎలక్ట్రాన్లను బాగా లాగుతుంది కాబట్టి చివరి ప్రోటాన్ స్టైరీన్ వినైల్ (డబుల్ బాండ్) ప్రోటాన్ల కన్నా డౌన్‌ఫీల్డ్‌లో, అంటే ఎక్కువ పీపీఎం దగ్గర ఉండాలి కదా? వినైల్ ప్రోటాన్లు 5.2 నుంచి 6.7 పీపీఎం దాకా ఉంటే, ఇది 3.07 దగ్గరే ఆగిపోతుంది. ఇలా లెక్క తప్పిన చోట పై (π) ఎలక్ట్రాన్లను అనుమానించండి. వాటి వల్ల ప్రోటాన్‌కు తగిలే అయస్కాంత క్షేత్రం దిక్కును బట్టి మారుతుంది, అదే అనైసోట్రోపీ.

కాగితం మీద అణువు గీసి, పై (π) బంధాలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. బెంజీన్ అయితే రింగుకు పైనా కిందా చెరో కోన్ గీయండి, రింగును నడుమ పెట్టుకున్న డమరుకంలా. కోన్ల లోపల షీల్డింగ్ (పీక్ తక్కువ పీపీఎంకి జరుగుతుంది), బయట రింగు అంచు చుట్టూ డీషీల్డింగ్ (ఎక్కువ పీపీఎంకి జరుగుతుంది). రింగు ప్రోటాన్లు అంచున ఉన్నాయి కాబట్టే 7.3 దాకా వెళ్తాయి. ట్రిపుల్ బాండ్‌కు కోన్ బంధం పొడవునా ఉంటుంది, మన 3.07 ప్రోటాన్ సరిగ్గా అందులో పడుతుంది. ఆల్డిహైడ్ ప్రోటాన్ కార్బొనిల్ తలంలో, కోన్ బయట ఉంటుంది. దానికి ఆక్సిజన్ లాగుడు కూడా తోడై 9 నుంచి 10 మధ్య వస్తుంది.

కోన్ అక్షం నుంచి 54.7 డిగ్రీల దగ్గర ప్రభావం సున్నా. దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతే మిగులుతుంది, కాబట్టి ఎక్కడో దూరాన ఉన్న ఫినైల్ మీద నేరం మోపకండి.

నమ్మకం కుదరకపోతే 18 కార్బన్ల పెద్ద రింగు, 18-యాన్యులీన్ చూడండి. మైనస్ 60 డిగ్రీల దగ్గర బయటి ప్రోటాన్లు 9.28, లోపలివి మైనస్ 2.99! సున్నాగా పెట్టుకునే టీఎంఎస్ పీక్ కన్నా అవతల, మైనస్ వైపు పీక్ వెతకడం చాలామందికి తట్టదు, స్వీప్ విడ్త్ (స్పెక్ట్రమ్ రికార్డు చేసే వెడల్పు) పెంచండి.

ల్యాబ్‌లో పనికొచ్చే చిట్కా ఇంకోటి. పీక్‌లు ఒకదాని మీద ఒకటి పడితే క్లోరోఫామ్ ఎగరగొట్టి, శాంపిల్‌ను డ్యూటరేటెడ్ (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న) బెంజీన్‌లో కలపండి. సాల్వెంట్ రింగులే కోన్ల పని చేస్తాయి. డీఎంఎఫ్ (డైమిథైల్‌ఫార్మమైడ్) మిథైల్స్ క్లోరోఫామ్‌లో 2.88, 2.96 దగ్గర అతుక్కుని ఉంటే, బెంజీన్‌లో 1.86, 2.36కి విడిపోతాయి. సాల్వెంట్ ఖరీదెక్కువ, పైగా దాని సొంత పీక్ 7.16 దగ్గర ఉంటుంది. మీ చిక్కు అరోమాటిక్ ప్రాంతంలోనే ఉంటే డ్యూటరేటెడ్ అసిటోన్ అడగండి.